‘ఏం లేదులే’

మా ఇంట్లో నలుగురూ కూర్చుని నవ్వుకుంటున్నప్పుడు మా తమ్ముడు నా మోచేయి తట్టి, కనుబొమ్మలు ఎగరేసి, ఏమిటని అడిగేవాడు. నేను ‘ఏం లేదులే’ అనేదాన్ని. ఆ మాటకు మా ఇంట్లో ఒక సైగ కూడా ఉండేది. అరచేయి బోర్లించి, గాలిని తుడిచేసినట్టు ఒక విసురు విసరడం. యాభై ఏళ్లకు పైగా నేను అతనికి చెప్పిన మాటలన్నీ లెక్కపెడితే, అన్నిటికంటె ఎక్కువసార్లు చెప్పింది ఇదే అయి ఉంటుంది. అతడు ఒక్క మాట అడిగితే నేను పది మాటలు చెప్పాలి, చేతులు తిప్పాలి, కాగితం వెదకాలి. ఈలోగా ఇక్కడ కబుర్లు ముందుకు వెళ్లిపోతాయి. అందుచేత ఏం లేదులే.

మాది నరసాపురం దగ్గర కాలువగట్టు ఊరు. నాన్న ధాన్యం పడవ మీద సరంగు. 1967లో తమ్ముడికి అయిదేళ్లు నిండిన తరువాత పదిహేను రోజులపాటు జ్వరం విడువలేదు. ఇక ఆశ లేదనుకున్నాం. సంఘమంతా ప్రార్థన చేసింది. బతికాడు. ఇంటికి తెచ్చాక అన్నం తింటున్నాడు, గట్టు మీద పరుగెడుతున్నాడు, కాని పిలిస్తే పలకడం లేదు. జబ్బు చేసినప్పుడు గారం చేశాం గనుక పొగరెక్కిందనుకున్నాం. ఒకరోజు అమ్మ వాడి వెనుక నిలబడి ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టింది. వాడు తిరిగి చూడలేదు. అమ్మ ఇంకా గట్టిగా కొట్టింది. ఆ పళ్లెం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, నడిమి సొట్టతో.

అప్పటినుండి ఊరికి వాడు ‘మూగోడు’. నిజానికి వాడు మూగ కాదు. నోరుంది, అయిదేళ్లపాటు నేర్చుకున్న మాటలున్నాయి. నన్ను ‘అగ్గా’ అని పిలిచేవాడు, ఇప్పటికీ అలాగే పిలుస్తాడు. పుట్టు గుడ్డివానిని చూసి, ఇది ఎవరు చేసిన పాపమని శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్ననే మా ఊరివాళ్లు మా వాకిట్లోకి వచ్చి మరీ అడిగారు. నాన్న ఆదివారం నాడు పడవ తోలినందుకే ఇలా అయిందని ఒకరు తేల్చారు కూడా. మరొకసారి ఒక ప్రసంగికుడు, విశ్వాసం వినడం మూలంగానే కలుగుతుందన్న పౌలు మాటను పట్టుకుని, చెవి లేనివానికి రక్షణ దారి ఏదని గట్టిగా ప్రశ్నించాడు. ఆయన ఉద్దేశం వేరు, వాక్యం విననివారిని హెచ్చరించడానికి అలా అన్నాడు. అమ్మ మాత్రం ఆ రోజు ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించలేదు.

వాడు బొమ్మలు వేసేవాడు. బొగ్గు దొరికితే గోడ మీద, బలపం దొరికితే గడప మీద. క్రిస్మస్‌కు అమ్మ సున్నం వేసిన గోడ మర్నాటికి గేదెలతో, కొంగలతో నిండిపోయేది. తిట్టేవాళ్లం, తుడిచేవాళ్లం. బొమ్మ బాగుందా లేదా అని చూసినవారు ఎవరూ లేరు. అది గోడ పాడుచేయడం, అంతే.

నాకు పదకొండేళ్లప్పుడు ఒకరోజు నాన్న పెద్ద బైబిలు తెరిచాను. ఆదికాండంలో జలప్రళయం ఉన్న పేజీ అంచున, పైనుండి కిందిదాకా పెన్సిలుతో ఒక ఓడ. తెరచాప, చుక్కాని, తాళ్లు అన్నీ ఉన్నాయి. నేను పరుగున వెళ్లి నాన్నకు చూపించాను. ఎందుకు చూపించానో నన్ను అడగకండి. మంచి పిల్లననిపించుకోవాలని కావచ్చు. నాన్న చింత బరికె తీశాడు. పరిశుద్ధ గ్రంథం మీద పిచ్చి గీతలు గీసినందుకు కొడుతున్నానని కేకలు వేస్తూ కొట్టాడు. ఆ కేకలు ఇంటిల్లిపాదికీ వినబడ్డాయి, దెబ్బలు తింటున్న వాడికి తప్ప. సాయంకాలం వాడు వచ్చి నా మోచేయి తట్టాడు. వాతలు చూపించి, కనుబొమ్మలు ఎగరేశాడు. నేను చేయి విసిరాను. ఏం లేదులే.

ఆ తరువాత వాడిని దూరాన ఒక పట్నంలో బధిరుల పాఠశాల హాస్టలులో చేర్చారు. ఏడో తరగతి వరకు చదివాడు. తెలుగు చదవడం, వ్రాయడం అక్కడే వచ్చింది, ఆ మేలు మరచిపోలేను. కాని తరగతిలో చేతులు కదిపితే వేళ్ల మీద స్కేలుతో కొట్టేవారట. పెదవులు చూసి అర్థం చేసుకోవాలి, నోటితోనే పలకాలి. ఇది ఆ ఒక్క బడి తప్పు కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల చదువు గురించి ఒక మహాసభ జరిగింది. సైగలు వద్దు, నోటిమాటే నేర్పాలని అక్కడ తీర్మానించారు. చేతులెత్తి ఓటు వేసినవారిలో దాదాపు అందరూ వినికిడి ఉన్నవారే. ఆ తీర్మానం లోకమంతటా బడుల మీద నూరేళ్లు రాజ్యం చేసింది. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో కూడినప్పుడు గాని ఆ మహాసభవారు దానిని తోసివేయలేదు.

చదువు అయ్యాక బోర్డులు వ్రాసే ఒక మేస్త్రి దగ్గర కుదిరాడు. కొట్ల పేర్లు, పడవల పేర్లు, లారీల వెనుక గులాబీలు, ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు. మా చర్చి గోడల మీద వాక్యాలన్నీ అతని చేతివ్రాతే. కుంచె ఒకసారి ఆనిస్తే అక్షరం చివర దాకా ఆగదు. 2005 దాటాక ఫ్లెక్సీలు వచ్చాయి, ఆ పని ఆగిపోయింది. అప్పటినుండి ఇళ్లకు రంగులు వేస్తున్నాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఒక మనుమరాలు. ఇంతవరకు అందరికీ ఉండే కథే.

నేను 2018లో ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాను. మరుసటి ఏడు, మా సంఘంలో పనిచేసి వెళ్లిపోయిన ఒక వృద్ధ పాస్టరుగారి పాత ఇంగ్లీషు పుస్తకాల పెట్టె మా ఇంటికి వచ్చింది. చెదలు పట్టకుండా చూడమన్నారు. అందులో బైబిలును గురించి రోజుకొక పాఠంగా వ్రాసిన ఒక సంపుటం ఉంది. వ్రాసినవాడు జాన్ కిట్టో. ఎడారి గుడారాలు, బావులు, తిరగళ్లు, ఒంటెల జీనులు, ఇవన్నీ కళ్లకు కట్టినట్టు వ్రాశాడు. ఎంత చూశాడో ఈయన అనుకుంటూ ముందుమాట తిరగేశాను. ఆయన పన్నెండేళ్లనుండి చెవిటివాడట. పుస్తకం మూసి, మళ్లీ తెరిచాను.

ఆయన కథ మీకు కాస్త వివరంగా చెప్పాలి. కిట్టో 1804లో ఇంగ్లండులోని ప్లిమత్ రేవుపట్నంలో పుట్టాడు. తండ్రి తాపీపనివాడు, తాగుబోతు. అమ్మమ్మే పెంచింది. 1817 ఫిబ్రవరి 13న తండ్రితోపాటు ఒక ఇంటి కప్పు బాగుచేస్తూ, పలకరాళ్లు మోసుకుని నిచ్చెన ఎక్కి, పైకి అడుగు పెట్టబోయి తప్పాడు. సుమారు 35 అడుగుల ఎత్తునుండి రాతినేల మీద పడ్డాడు. చాలా రోజులు స్పృహ లేదు. తెలివి వచ్చాక మొదట అడిగింది, పడిపోవడానికి ముందు అరువు తెచ్చుకున్న పుస్తకం ఏదని. మంచం చుట్టూ ఉన్నవారి పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. ఎందుకు గుసగుసలాడుతున్నారు, గట్టిగా మాట్లాడరేమని విసుక్కున్నాడు. వారిలో ఒకరు చివరికి పలక తీసుకుని, నీకు చెవుడు వచ్చిందని వ్రాసి చూపించారు.

ఈ భాగాన్ని నేను తెలుగులో ఒక నోటుపుస్తకంలో వ్రాసి తమ్ముడికి ఇచ్చాను. మేమిద్దరం పెద్ద సంగతులు మాట్లాడుకోవాలంటే అలాగే. అతడు చదివి, పేజీ మీద చేయి పెట్టుకుని చాలాసేపు ఊరుకున్నాడు. తరువాత పెన్సిలు తీసుకుని, “పలక మీద వ్రాసింది ఎవరు?” అని అడిగాడు. పేరు లేదు, అక్కడున్నవారిలో ఒకరు అని వ్రాశాను. “మంచివాడు. చెప్పాడు” అని వ్రాశాడు. మరి కాసేపటికి దాని కింద, “నాకు ఎవరూ చెప్పలేదు. అందరూ నా మీద కోపంతో మాట్లాడడం మానేశారనుకున్నాను. రెండేళ్లు అలా అనుకున్నాను” అని వ్రాశాడు.

నాకు అప్పటికి అరవై దాటాయి. ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

కిట్టో సంగతికి వస్తాను. ఇక కూలికి పనికిరాడని ఇంటివారు వదిలేస్తే, పిల్లవాడు బొమ్మలు గీసి, రంగులు వేసి, కిటికీలో పెట్టి కానీ అర్ధణాకు అమ్ముకున్నాడు. కొట్లవాళ్లు తప్పులతో వ్రాసుకున్న బోర్డులు చూసి, తాను చక్కగా వ్రాసి అమ్మబోయాడు. (ఇక్కడ మా తమ్ముడు పెద్దగా నవ్వాడు. “బోర్డుల మేస్త్రి!” అన్నాడు.) వచ్చిన డబ్బు పుస్తకాలకే. 1819లో బీదల శరణాలయంలో వేశారు. అక్కడ గుడ్డ పేలికలతో చెప్పులు అల్లడం నేర్పారు. తరువాత ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర పెడితే వాడు కొట్టి చంపేటంత పని చేశాడు. కుర్రవాడు తన బాధ కాగితం మీద వ్రాసి న్యాయాధికారుల ముందు పెట్టాడు. వారు అది చదివి, ఆ చాకిరినుండి విడిపించారు. ఆ వ్రాత బలం చూసే పట్నపు పెద్దలు కొందరు అతనికి పుస్తకాలయంలో చదువుకునే వీలు కల్పించారు.

1824లో ఎక్సెటర్ పట్నపు దంతవైద్యుడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అతనిని తన ఇంటికి తీసుకువెళ్లాడు. పళ్ల వైద్యం నేర్పాలని మొదటి ఉద్దేశం. తరువాత కిట్టో మాల్టాలో మిషను ముద్రణాలయంలో అచ్చు అక్షరాలు కూర్చాడు. పౌలు ఓడ బద్దలై ఒడ్డుకు చేరిన మెలితే ద్వీపమే ఈ మాల్టా. 1829లో గ్రోవ్స్ కుటుంబంతో, వారి పిల్లలకు గురువుగా, బాగ్దాదు వెళ్లాడు. 1831లో ఆ నగరాన్ని ప్లేగు ఊడ్చేసింది, వరద ముంచింది. గ్రోవ్స్ భార్య కూడా ప్లేగుతోనే కన్నుమూసింది. ఇంగ్లండుకు తిరిగి వచ్చిన కిట్టో, వినలేక చూసినదంతా కలానికెక్కించాడు. 1835లో మొదలుపెట్టిన బొమ్మల బైబిలులో ప్రతి ఆచారానికీ, ప్రతి చెట్టుకూ వివరణ ఆయనదే. 1845లో తన చెవుడును గురించే ఒక పుస్తకం వ్రాశాడు. తన పిల్లల గొంతు ఎలా ఉంటుందో తనకు తెలియదని అందులో చెప్పుకున్నాడు. 1854లో జర్మనీలో చనిపోయేనాటికి, ఇంగ్లీషు చదివే క్రైస్తవ గృహాల్లో ఆయన పేరు తెలియనివారు తక్కువ.

ఆ గ్రోవ్స్‌గారు బాగ్దాదు విడిచి 1833లో మన దేశానికి వచ్చాడు. 1836లో ఆయన వెంట వచ్చినవారే బౌడెన్ దంపతులు, బీర్ దంపతులు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల సంఘాల పెద్దలకు ఆ పేర్లు పరిచయం చేయనక్కరలేదు. చిన్నప్పుడు ఆదివారబడిలో మేము బౌడెన్ దొరగారు, బీర్ దొరగారు అని కంఠస్థం చేశాం. వారిని గోదావరికి నడిపించినవాని బల్ల దగ్గర అంతకు ముందు ఒక చెవిటి కుర్రవాడు అన్నం తిని, చదువుకుని, రచయిత అయ్యాడని మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అమ్మ ఆ ఆదివారం పొయ్యి వెలిగించి ఉండేదా అని ఆలోచిస్తుంటాను.

కిట్టో పద్యాలు కూడా వ్రాశాడు. చిన్నతనంలోనే వినికిడి పోయినవానికి నడక, లయ సరిగా పట్టుబడవని తానే ఒప్పుకున్నాడు. దీనిని గురించి తమ్ముడిని అడిగితే అతడు ఒప్పుకోలేదు. “లయ చెవిలో లేదు” అని వ్రాసి, నేల మీద అరికాలు కొట్టి చూపించాడు. నిజమే. చర్చిలో డోలు వాయిస్తున్నప్పుడు చిన్నప్పుడు వాడు దాని చెక్కకు అరచేయి ఆనించి కూర్చునేవాడు. అల్లరి చేస్తున్నాడని లాగేసేవారు. స్కాట్లాండు దేశపు ఎవెలిన్ గ్లెన్నీ అనే ఆమె, 1965లో పుట్టి, పన్నెండేళ్లకే వినికిడి పోగొట్టుకుని, ప్రపంచ ప్రసిద్ధురాలైన వాద్యకారిణి అయింది. డోళ్లు, తాళాలు, చెక్కల వాద్యాలు వాయిస్తుంది. బడిలో ఆమె గురువు ఆమె చేతులను గోడకు ఆనించమని, తాను అవతల పెద్ద డోలు మోగించి, ఏ స్వరం ఒంట్లో ఎక్కడ అదురుతోందో గమనించమనేవాడు. ఈనాటికీ ఆమె వేదిక మీద చెప్పులు విడిచి నిలబడుతుంది. మావాడిని లాగేసిన చేతుల్లో నావీ ఉన్నాయి.

ఇక పద్యాల మాట. వేల్సు దేశపు డొరతీ మైల్స్‌కు ఎనిమిదేళ్లప్పుడు మెదడు జ్వరంతోనే చెవులు పోయాయి. 1931లో పుట్టి 1993లో చనిపోయింది. ఆమె అమెరికాలో బధిరుల కళాశాలలో చదివి, 1967లో అక్కడ మొదలైన బధిరుల నాటక బృందంలో చేరి, చేతులతో కవిత్వం చెప్పడం మొదలుపెట్టింది. మనం పద్యంలో ఒకే అక్షరాన్ని మళ్లీ మళ్లీ తెచ్చి ప్రాస అంటాం. సైగల కవులు ఒకే చేతి ఆకారాన్ని మళ్లీ మళ్లీ తెస్తారు. విప్పిన అరచెయ్యి ఆకు అవుతుంది, అదే చెయ్యి పక్షి అవుతుంది, అదే చెయ్యి తలుపు మూస్తుంది. కిట్టో ఇది చూడలేదు, చూసి ఉంటే సంతోషించేవాడు. సినిమాల్లో ఎవరైనా ఉన్నారా అని తమ్ముడు అడిగితే, బధిర నటి మార్లీ మాట్లిన్‌కు 1987లో, బధిర నటుడు ట్రాయ్ కాట్సర్‌కు 2022లో ఆస్కారు బహుమతి వచ్చిందని చెప్పాను. తల ఊపాడు, అంతే. కాని మన దేశపు సతీష్ గుజ్రాల్‌ను గురించి చెప్పినప్పుడు లేచి కూర్చున్నాడు. ఎనిమిదేళ్లకు వినికిడి పోయినవాడు, దేశ విభజన దుఃఖాన్ని చిత్రాల్లో గీసినవాడు, ఢిల్లీలో బెల్జియం దేశపు రాయబార భవనానికి నమూనా గీసి కట్టించినవాడు. 2020లో చనిపోయాడు. ఆయన అన్నగారు ఇంద్రకుమార్ గుజ్రాల్ ప్రధానమంత్రి అయ్యాడు. “అన్నగారు ఆయనతో మాట్లాడేవాడా?” అని అడిగాడు తమ్ముడు. నా దగ్గర సమాధానం లేదు. అతడు నన్నే చూస్తూ ఉన్నాడు.

అప్పుడే మరొకటి బయటపడింది. హాస్టలులో రాత్రిళ్లు దీపాలు ఆర్పే ముందు మావాడు పిల్లలందరికీ సినిమా చెప్పేవాడట. ఆదివారం ఆటకు వెళ్లే డబ్బు ఒక్కడికే ఉంటే ఆ ఒక్కడినీ పంపేవారు. ఆ ఒక్కడు ఎప్పుడూ మా తమ్ముడే. ఎన్.టి.రామారావు గదాయుద్ధం, రేలంగి నడక, గుర్రపు బండి పరుగు, దూరంనుండి వస్తున్న రైలు, అన్నీ రెండు చేతులతో, ఒక ముఖంతో. పగలు దెబ్బలు తిన్న వేళ్లతోనే. నలభై మంది పిల్లలు మంచాల మీద కూర్చుని చూసేవారట. మా ఇంట్లో ఒక నటుడు ఉన్నాడని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

2022లో క్రిస్మస్ నాటకం బాధ్యత నాకు అప్పగించారు. నాకు గొప్ప ఆలోచన వచ్చింది. లూకా సువార్త మొదటి అధ్యాయంలో జెకర్యా ఉన్నాడు గదా! నోట మాట లేదు, బంధువులు సైగలు చేసి అడుగుతారు, పలక తెప్పించి బిడ్డ పేరు వ్రాస్తాడు. మా తమ్ముడి కోసమే వ్రాసినట్టుందని మురిసిపోతూ వెళ్లి చెప్పాను. అతడు బైబిలు తెరిచి అధ్యాయమంతా ఓపికగా చదివాడు. తరువాత నోటుపుస్తకం లాక్కుని వ్రాశాడు. “జెకర్యా నమ్మలేదు. అందుకు శిక్ష. నాది శిక్ష కాదు. నేను వేయను.”

ఊరు మొత్తం చూస్తుండగా నేను చేయబోయింది ఏమిటో అప్పుడు అర్థమైంది. నాన్న ఆదివారం పడవ తోలాడన్న ఆ పాత తీర్పునే వెలుగు కింద నిలబెట్టి, ముచ్చటగా ఉందనుకున్నాను. సిగ్గుతో లేచి వస్తుంటే మోచేయి తట్టాడు. “దూత పాత్ర ఎవరిది?” అని అడిగాడు. గబ్రియేలు.

సంఘ పెద్దల్లో ఒకరు, వర్తమానం చెప్పడానికి వచ్చిన దూతకు మాట లేకపోతే ఎట్లా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అయ్యగారు మాత్రం, “చూద్దామమ్మా, ముందు అభ్యాసం చెయ్యండి” అన్నారు. నేను పక్కన నిలబడి మాటలు చదవాలి, అతడు చేతులతో చెప్పాలి. మొదటి రోజే పేచీ. నేను గబగబ చదివేస్తున్నానట. “నీ గొంతు నా చేతుల ముందు పరుగెడుతోంది. నా వెనుక రా” అన్నాడు. ముప్పై ఏళ్లు తరగతి గదిలో నా వెనుకే అందరూ రావాలన్న దాన్ని. పది రోజులు కష్టపడ్డాను. చివరికి కాగితం పక్కన పడేసి, అతని చేతులనే చూస్తూ మాట్లాడడం నేర్చుకున్నాను.

బట్టల దగ్గర ఇంకో పేచీ వచ్చింది. దూతకు తెల్లబట్టలు సిద్ధం చేశాం. అతడు వద్దన్నాడు. తెలుపు మీద చేతులు సరిగా కనబడవు, నల్లచొక్కా కావాలి, దీపం ముఖం మీద కాదు, చేతుల మీద పడాలి. నల్లచొక్కా వేసుకున్న దేవదూత మా సంఘ చరిత్రలో లేడు. ఆఖరికి తెల్ల పంచె, పైన నల్లటి పూర్తిచేతుల చొక్కా, తలకు జలతారు పట్టీ అని రాజీ కుదిరింది.

ఆ రాత్రి అతడు చేసినదాన్ని మాటల్లో పెట్టడం నాకు చేతకాదు, అయినా చెబుతాను. ముందు రెండు చేతులూ దోసిలిగా పట్టాడు, అది ధూపపాత్ర. వేళ్లు మెల్లగా విప్పి పైకి ఆడించాడు, పొగ లేచింది. పొగ భుజాల దాకా వచ్చి రెక్కలయింది. రెక్కలు ముడుచుకుని, జెకర్యా ముసలి వీపును చూపించాడు, ఇంట్లో ముసలి ఎలీసబెతును చూపించాడు. మళ్లీ అదే దోసిలి పట్టి ఊపాడు. ఖాళీ ఊయల. ఊపుతూ ఉండగా ఆ చేతుల్లోకి బరువు వచ్చింది. ఏమీ లేదక్కడ, కాని మోచేతులు కొద్దిగా కిందికి దిగాయి, అంతే, బిడ్డ వచ్చాడని ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. ఒక పిల్లవాడు లేచి నిలబడి తొంగి చూశాడు. నేను చదవవలసిన వాక్యం చదవడం మరిచిపోయాను.

టీ తాగే వేళకు అందరూ తలొక మాట అంటున్నారు. అతడు నా దగ్గరికి వచ్చి మోచేయి తట్టి, కనుబొమ్మలు ఎగరేశాడు. నా చేయి అలవాటుగా పైకి లేచింది. కిందికి దించి, కుర్చీలు దగ్గరికి లాగి, మొదటినుండి చివరిదాకా చెప్పాను. మూగోడు ఇన్ని మాటలు ఎక్కడ దాచాడని ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుందని చెప్పాను, ఆ మూగోడు అన్న మాట దాచకుండానే. నల్లచొక్కా బాగాలేదని పెద్దాయన గొణిగారని చెప్పాను. నాటకం పొడుగైందని ఇంకొకరు అన్నారని చెప్పాను. నల్లచొక్కా దగ్గర పగలబడి నవ్వాడు.

తరువాత నోటుపుస్తకం అడిగాడు. వ్రాయలేదు. ఎడమ అరచేతిని పుస్తకంలా తెరిచి, కుడిచేత్తో బరికె ఆడించి, నాన్న మీసం దువ్వి, కనుబొమ్మలు ఎగరేశాడు.

యాభై మూడేళ్ల కిందటి ప్రశ్న. నేనే పెన్సిలు తీసుకుని వ్రాశాను. బైబిలులో నోవహు ఓడ గీసినందుకు కొట్టారు, నాన్నకు చూపించింది నేనే అని. అతడు రెండుసార్లు చదివాడు. నా చేతిలోనుండి పెన్సిలు తీసుకుని, ‘నోవహు ఓడ’ అన్న రెండు మాటలు కొట్టేసి, పైన వ్రాశాడు.

“నాన్న పడవ.”